పళ్ళేనికి ఆనించిన చెయ్యి

విలేకరి పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు నన్ను చూడటానికి వచ్చినప్పుడు, మీరు రాసిన వాటిల్లో పెద్ద వార్త ఏదండీ అని అడుగుతుంటారు. ఏ వరద గురించో, ఎన్నికల గొడవ గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం అచ్చుకాని ఒక వార్త గుర్తుకొస్తుంది. గట్టిగా నాలుగు వాక్యాలు ఉంటుంది. అది అచ్చయి ఉంటే నేను ఎక్కడ నిలబడాల్సి వచ్చేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతానికి చాలా ఏళ్ళు ఒక దినపత్రిక విలేకరిగా పనిచేశాను. ఎంత ఇచ్చారు, ఏ హోదా ఇచ్చారు అన్నవి ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. భయపడాల్సిన చోట భయపడటం ఎలాగో మాత్రం రాస్తాను. ఈ పనిలో దాన్ని ఎవరూ నేర్పరు.

కావచ్చు

బెజవాడ ఆఫీసులో మా వార్తలు దిద్దే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనకు 'కావచ్చు' అన్న మాటంటే ఒళ్ళుమంట. ఎక్కడ కనబడినా ఎర్రసిరాతో కొట్టేసేవాడు.

నేను చేరిన కొత్తలో నందిగామలో ఒక మిర్చి గోదాము తగలబడింది. ఎవరో చుట్ట పారేయడం వల్ల కావచ్చునని రాసి పంపాను. ఆ తర్వాత ఆఫీసుకు వెళ్తే కూర్చోమనకుండానే అడిగాడు.

"చుట్ట చూశావా?"

"లేదండి."

"పారేసినవాణ్ణి చూశావా?"

"లేదండి."

"మరి ఆ చుట్ట తీసుకెళ్ళి ఎవడి నోట్లో పెట్టావయ్యా?"

ఆ గోదాములో చుట్ట తాగేది కాపలావాడు ఒక్కడే. ఆ సంగతి నాకు అప్పుడు వెలిగింది. నా వాక్యం అచ్చయితే అతని కొలువు పోయేది, ఆ పైన ఇంకేం పోయేదో తెలియదు. "చూసింది రాయి. చూడనిది చూడలేదని రాయి. మధ్యలో ఉన్నదంతా వీధరుగు మీద వాగుడు" అన్నాడు పెద్దాయన. నొచ్చుకున్నాను గానీ ఆ మాట మనసులో నిలిచిపోయింది. అది ఇంకో మనిషి కొంపకు అడ్డం పడే రోజు వస్తుందని అప్పుడు ఊహించలేదు.

సున్నం కంపెనీ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తరోజులవి. కృష్ణ మీద పెద్ద డ్యాము పని మొదలైంది. ఆ డ్యాముకు ఏది అమ్మినా బాగుపడతామన్న నమ్మకం పేటలో గాలిలా తిరుగుతుండేది. ఆ గాలిలోనే మద్రాసు నుంచి వచ్చానని చెప్పుకుంటూ ఒక మేనేజరు దిగాడు. కొత్త సైకిలు, ఇస్త్రీ ప్యాంటు, ఎప్పుడూ చిరునవ్వు. ఆయన కంపెనీ పేరు చాలా పొడుగు. పేట జనం దాన్ని సున్నం కంపెనీ అని కుదించేశారు.

మా ప్రాంతంలో నేల కింద సున్నపురాయి ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. బావి తవ్వబోయిన ప్రతి రైతునూ ఏడిపించింది అదే. ఆ రాయినే బట్టీల్లో కాల్చి డ్యాముకు అమ్ముతాం, కంపెనీలో షేర్లు కొనండి, ఏటా లాభం పంచుతాం అన్నాడు మేనేజరు. ఒకరో ఇద్దరో కొన్నారు. మిగతా రైతులు విన్నారు, ఆయన ఇచ్చిన సోడాలు తాగారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక సభలో చెవిటికల్లు నుంచి వచ్చిన బసవయ్య అనే రైతు లేచి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, గొంతు పెద్దది.

"అయ్యా, రాయి ఉందన్నారు, నిజమే. కాలుస్తానన్నారు, కాల్చండి. ఆ సున్నం కొనేవాడెవడండీ? ముందు ఆయన్ని చూపించండి, మా డబ్బు ఆ తర్వాత చూద్దురుగాని."

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. కొన్నాళ్ళకే కొనేవాణ్ణి చూపించాడు.

బజానా

పేట మిల్లు బజారులో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. బేరం కుదిరాక కొనేవాడు బజానా, అంటే ముందస్తు సొమ్ము, ఇత్తడి పళ్ళెంలో తమలపాకుల మీద పెట్టి నలుగురి ముందూ అమ్మేవాడికి అందించాలి. కొనేది భాగస్తుల వ్యాపారమైతే భాగస్తులంతా ఆ పళ్ళేనికి చెయ్యి వేయాలి. రేపు ఒకడు 'మావాడు నాకు చెప్పకుండా చేశాడు' అని తప్పుకోకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. ఒక్క చెయ్యి తక్కువైనా అమ్మేవాడు పళ్ళెం అందుకోడు. కాగితాల మీద సంతకాలు చేసి కోర్టుల్లో కాదన్నవాళ్ళు బజారులో ఉన్నారు. పళ్ళేనికి చెయ్యి వేసి కాదన్నవాడు మాత్రం లేడని చెప్పుకునేవారు.

ఆ బజారులో ఇద్దరు భాగస్తుల నూనె మిల్లు ఒకటి ఉండేది. రాఘవులు బేరసారాలు చూసేవాడు. శేషయ్య ఇంజను చూసేవాడు. వరసకు బావలు. రాఘవులు పెట్టుబడి ఎక్కువ పెట్టాడు. శేషయ్య తన మెట్టచేను అమ్మకుండా పక్కన పెట్టుకుని, పెళ్ళాం నగలు అమ్మిన డబ్బుతో భాగంలో చేరాడు. వేరుసెనగ కాలంలో ఆ ఇంజను చప్పుడు ఊరి బయటి దాకా వినబడేది. దాని గొంతులో ఏ మాత్రం తేడా వచ్చినా శేషయ్య అన్నం ముందునుంచి లేచి వెళ్ళేవాడని చెప్పుకునేవారు.

ఆ మిల్లు సున్నం కంపెనీకి బజానా ఇస్తోందని కబురు వస్తే నేను వెళ్ళాను. మిల్లు ముందు పందిరి వేశారు. రైతులు చాలామంది వచ్చారు. బసవయ్య ముందు వరసలోనే కూర్చున్నాడు. రాఘవులు పట్టుపంచె కట్టుకుని పళ్ళెం ఎత్తాడు. నోట్ల దొంతర, పైన కొబ్బరికాయ. మేనేజరు చేతులు చాచలేదు. పద్ధతి నేర్చుకునే వచ్చాడన్నమాట. "రెండో చెయ్యి ఏదండీ?" అన్నాడు చిరునవ్వుతో.

రాఘవులు లోపలికి కేకేశాడు. "బావా! ఓ సారి ఇటు రా."

ఇంజను ఆగలేదు. గుమ్మంలోకి శేషయ్య వచ్చాడు. మోచేతుల దాకా నూనె.

"చేతులు ఇట్టా ఉన్నయ్, నువ్వు కానియ్ బావా."

"నీ చెయ్యి లేకుండా ఎట్టా కానిస్తా? ఊరికే ఆనించు. పెళ్ళిచూపుల పిల్లలాగా ఆ సిగ్గేంటి?"

"దేనికిది?"

"సున్నానికిలే. తర్వాత చెప్తా, రా."

జనం నవ్వుతున్నారు. శేషయ్య పంచెకు చెయ్యి తుడుచుకున్నాడు, నూనె పోలేదు. నోట్లకు నూనె అంటుతుందని చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు పళ్ళెం అంచుకు ఆనించాడు. మేనేజరు పళ్ళెం అందుకున్నాడు. శేషయ్య అప్పటికే ఇంజను దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

బసవయ్య లేచి మొలలో కట్టుకొచ్చిన మూట విప్పాడు. బావి తవ్వించాలని దాచుకున్న మిర్చి డబ్బు అది. "పేట మిల్లువాళ్ళే చెయ్యేశారు. ఇంకేం కావాలండీ?" అన్నాడు. ఆయన వెనక మిగతావాళ్ళు లేచారు. షేర్లు ఆ పందిరి కిందే అమ్ముడుపోయాయి.

నూనె మిల్లుకు సున్నం ఎందుకు

పేట వర్తకులు సున్నానికి బజానా ఇచ్చారని నాలుగు వాక్యాలు రాసి బస్సులో పంపాను. రోజులు గడిచాయి, అచ్చుకాలేదు. బెజవాడ వెళ్ళినప్పుడు పెద్దాయన్ని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"నూనె మిల్లుకి సున్నం ఎందుకయ్యా?"

"డ్యాముకి మళ్ళీ అమ్ముకుంటారేమోనండి."

"ఏమో అంటే?"

ఆయన ఎర్రసిరా కలం మూత తీశాడు.

"ఆ పళ్ళెంలో డబ్బెవరిది?"

"మిల్లువాళ్ళదండి."

"వాళ్ళ పెట్టెలోంచి తియ్యడం చూశావా?"

"పళ్ళెంలో చూశానండి."

"అయితే పళ్ళెంలో డబ్బుందని రాయి. మిల్లు డబ్బని నీకెవడు చెప్పాడు? ఆ పళ్ళెమే చెప్పిందా?"

నా వార్త బుట్టలో పడి ఉందని అప్పుడు తెలిసింది. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ పేటకు తిరిగొచ్చాను.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. ఒక బట్టీ వెలిగింది. దాని పొగ చూపించి మేనేజరు ఇంకొన్ని షేర్లు అమ్మాడు. పొగ ఆగిపోయింది. ఒకరోజు ఆఫీసు తలుపు తీయలేదు. ఆయన సైకిలు మాత్రం గోడకు ఆనించి ఉంది. నాలుగు రోజులు దాన్నే చూస్తూ, వస్తాడు, సైకిలు ఇక్కడే ఉంది గదా అని జనం తమకు తామే ధైర్యం చెప్పుకున్నారు. ఆయన రాలేదు.

పోలీసులు కంపెనీ గుమాస్తాను పట్టుకొచ్చి అడిగితే సంగతి బయటపడింది. రాఘవులు దగ్గర కంపెనీ గోనెసంచులు కొంది. బజారు ధరకు రెట్టింపు ఇచ్చింది. ఎక్కువ ఇచ్చిన ఆ సొమ్మునే రాఘవులు పళ్ళెంలో పెట్టి బజానాగా తిరిగిచ్చాడు. తన కష్టానికి కొంత ఉంచుకున్నాడు. అంటే రైతులు కళ్ళారా చూసిన ఆ దొంతర కంపెనీ డబ్బే. కంపెనీ దగ్గర బయలుదేరి, మిల్లు చేతుల మీదుగా కంపెనీకే చేరింది. కొనేవాడు ఎవడూ లేడు.

ఆ మాట విన్నప్పుడు నేను టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాను. నా వార్త అచ్చయి, పేపరు చూసి కొన్నామని నలుగురు రైతులు వచ్చి ఉంటే?

బజారంతా చేతులు చూసుకుంది

చెవిటికల్లు బసవయ్య నందిగామ కోర్టులో దావా వేశాడు. కంపెనీ మీదే కాదు, మిల్లు మీద, భాగస్తులిద్దరి మీదా. మిగతా రైతులు ఈ ఒక్క దావా ఎటు తేలుతుందా అని కాచుకుని ఉన్నారు. ఇది గెలిస్తే అందరూ వేస్తారు.

అప్పటిదాకా అలాంటిది మేము వినలేదు. మోసం చేసింది కంపెనీ. షేర్లు అమ్మింది కంపెనీ. మిల్లు ఎవరి దగ్గరా షేరు డబ్బు తీసుకోలేదు, కొనమని ఎవరికీ చెప్పలేదు. ఒక కంపెనీ మోసానికి దానితో వ్యాపారం చేసిన ఇంకొకరు ఎందుకు కట్టాలి? కోర్టు వరండాలో బసవయ్య ప్లీడరు నాకు వివరించాడు.

"అబద్ధం కంపెనీది. నిజమే. ఆ అబద్ధానికి బట్టలు తొడిగింది మిల్లు. దొంగ డబ్బని తెలిసే రాఘవులు పళ్ళెం ఎత్తాడు, రైతులు చూడాలనే ఎత్తాడు. వాళ్ళు చూసే కొన్నారు. అందుకని మిల్లు జవాబు చెప్పాలంటాం."

"మరి శేషయ్యకు తెలియదంటున్నారు గదండీ?"

"అక్కడే ఉంది చిక్కు. వేరుసెనగ ఒక భాగస్తుడు కొన్నా బాధ్యత ఇద్దరిదీ అవుతుంది, అది మిల్లు పని కాబట్టి. సున్నం మిల్లు పని కాదు. రెండోవాడు ఒప్పుకున్నాడని చూపించాలి. ఆ ఒప్పుకోలు పళ్ళెం మీద ఉంది. చెయ్యి వేస్తే ఉన్నట్టు, వెయ్యకపోతే లేనట్టు." ఆయన ఆగి నా వంక చూశాడు. "చూసినవాళ్ళంతా షేర్లు కొన్న రైతులు, లేకపోతే మిల్లు కూలీలు. ఏ వైపూ కాకుండా అక్కడున్నది మీరొక్కరే."

రాఘవులు తన ఇల్లు, పొలం ముందే భార్య పేర రాసేశాడని, మిల్లు తాకట్టులో ఉందని అందరికీ తెలుసు. జప్తు చేయడానికి మిగిలింది శేషయ్య మెట్టచేను, దాని పక్కనున్న పెంకుటిల్లు.

ఆ రోజుల్లో పేటను చూసి ఉండాల్సింది. ఎవరితో ఏ పళ్ళేనికి చెయ్యి వేశామా అని బజారంతా వెనక్కి తలుచుకోవడం మొదలుపెట్టింది. అన్నదమ్ముల పేర్లున్న బోర్డుల మీద ఒక పేరు సున్నం పూసి కప్పేశారు. తాతల నాటి ఉమ్మడి కొట్లు విడిపోయాయి. పొద్దున్నే కలిసి కాఫీ తాగేవాళ్ళు వేరువేరు బల్లల దగ్గర కూర్చున్నారు. ఎవడి పాపం ఎవడి మెడకు చుట్టుకుంటుందో తెలియనప్పుడు మనుషులు దొంగలకు కాదు, స్నేహితులకు భయపడతారు.

రాఘవులు మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. ఆ నిమ్మళం చూస్తే నాకు అందరి భయంకన్నా ఎక్కువ భయం వేసింది. కాఫీ హోటల్లో నా ఎదుట వచ్చి కూర్చున్నాడు.

"విలేకరి గారూ, మావాడు చెయ్యి వేశాడు గదండీ. మీరు చూశారు గదా."

"చూశాను."

"అదే చెప్పండి. ఇద్దరం కలిసి నిజంగానే కొన్నాం. మోసమైతే ఇద్దరు చెయ్యి వేస్తారా ఏంటి?"

"డబ్బెవరిదో శేషయ్యకు చెప్పావా?"

రాఘవులు నవ్వాడు. "భలేవారే. చెప్తే వేస్తాడేంటండీ?"

అని, హోటలంతా ఒకసారి కలయజూశాడు. వినేవాళ్ళు ఎవరూ లేరు. కాఫీ డబ్బులు తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

సైకిలు గంట

వాయిదాకు ముందు మధ్యాహ్నం పూట శేషయ్య, భార్య రత్తమ్మ మా ఇంటికి వచ్చారు. అతను అరుగు మీదే నిలబడిపోయాడు. ఆమె లోపలికి వచ్చి మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయింది.

"అన్నయ్యగారూ, సైకిలు గంట వినబడితే జప్తుకి కోర్టు అమీను వచ్చాడేమోనని లోపలికి పారిపోతన్నా. నిన్న పాలాయన వస్తే తలుపేసేసా. ఆయన పాలు గుమ్మంలో పోసి, నన్ను నాలుగు తిట్టి పోయాడు." నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. "ఈయనకు నిద్ర లేదు. మంచం మీద కూర్చుని చెయ్యి చూసుకుంటాడు. మీరు చూళ్ళేదని చెప్పండి. అందరూ నవ్వుతా ఉన్నారంట, మీరు అటెటో చూస్తన్నారేమో."

"ఊరుకోవే" అన్నాడు శేషయ్య బయటినుంచి.

"నేనెందుకు ఊరుకుంటా? నా నగలు ఇంజనులో పోశావు, ఇల్లు పళ్ళెంలో పోశావు. ఇంక నేను మాట్టాడకపోతే ఎట్టా?"

శేషయ్య గుమ్మం దాకా వచ్చాడు. "మీరు చూసిందే చెప్పండి విలేకరి గారూ. అయితే నాకు తెలవదని కూడా చెప్పండి. అదొక్కటి చెప్పండి చాలు."

"నీకు తెలియదని నాకెలా తెలుసు శేషయ్యా?"

రాఘవులు నాతో అన్న మాట ఉంది గానీ, అతను కాదంటే దానికి సాక్షి ఎవరు? శేషయ్య తల ఊపాడు. ఇంజను పాడైతే ఏ భాగం పోయిందో తెలిసినప్పుడు ఊపినట్టు, నెమ్మదిగా. రత్తమ్మ నీళ్ళగ్లాసు కింద పెట్టి లేచింది.

వాళ్ళు వెళ్ళాక రత్తమ్మ తాగని ఆ నీళ్ళు మా ఆవిడ తీసుకెళ్ళి అరుగు కింద పారబోసింది.

బోను

వాయిదా రోజు పేట నుంచి నందిగామకు, ముందు రోజు పని మీద పేటకు వచ్చిన బసవయ్య, శేషయ్య, రత్తమ్మ, నేను ఒకే బస్సు ఎక్కాం. వేరే బస్సు లేదు. బసవయ్య ముందు సీటులో, శేషయ్య, రత్తమ్మ వెనక, నేను మధ్యలో. దిగేటప్పుడు బసవయ్య నా పక్కన ఆగి, "ఆయన చేను నాకొద్దండీ. నా బావి డబ్బు నాకొస్తే చాలు" అన్నాడు. రెండూ ఒకటేనని ఆయనకూ తెలుసు.

బంట్రోతు నా పేరు పిలిచాడు. బోనులో కర్ర పట్టుకుంటే అది తడిగా ఉంది. నాకంటే ముందు సాక్ష్యం చెప్పినవాడి చెమట.

చెప్పాల్సింది చెప్పాను. శేషయ్య చేతులకు నూనె ఉందని, రాఘవులు రెండుసార్లు పిలిచాడని, దేనికని శేషయ్య అడిగితే సున్నానికి, తర్వాత చెప్తానని రాఘవులు అన్నాడని, చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపు ఆనించాడని. కాఫీ హోటల్లో రాఘవులు అన్నది కూడా చెప్పాను. రాఘవులు ప్లీడరు లేచి అదంతా కల్పితమన్నాడు. రాఘవులు కూర్చున్నచోటే బాధపడ్డ ముఖం పెట్టాడు.

అప్పుడు శేషయ్య తరఫు ప్లీడరు లేచాడు. తెలివైన మనిషి. తన చెయ్యి ఎత్తి, వెనక్కి తిప్పి, జడ్జిగారికి చూపించాడు.

"సాక్షిగారూ, వేళ్ళ వెనకవైపు అన్నారు. మనం వద్దనుకున్న దాన్ని ఎలా నెడతామండీ? ఇలాగే గదా, చేతి వెనకవైపుతో?"

"అలా కూడా నెడతారు."

"అయితే నా కక్షిదారు ఆ పళ్ళేన్ని వద్దని నెట్టి ఉండవచ్చు గదా?"

శేషయ్య బెంచీ మీద ముందుకు వంగాడు. రత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఒక్క మాట అనాలి. కావచ్చు. అంతే. అది అబద్ధం కూడా కాదు, లోకంలో ఏదైనా కావచ్చు. ఆ మాటతో ఒక ఇల్లు నిలబడుతుంది. ఎదురుగా బసవయ్య కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. ఆ మాటతోనే ఆయన బావి తవ్వకముందే పూడిపోతుంది. పేటలో ఆ పళ్ళెం చూసి మూటలు విప్పినవాళ్ళందరి డబ్బూ పోతుంది.

జడ్జిగారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"నెడితే పళ్ళెం కదలాలండి. కదల్లేదు" అన్నాను.

బోను దిగాను. శేషయ్య వైపు చూడలేకపోయాను.

తర్వాతి వాయిదాలో శేషయ్య బోనెక్కాడు. అతని ప్లీడరు అప్పటికే జవాబు దాఖలు చేశాడు, చెయ్యి వేయలేదు, పళ్ళేన్ని పక్కకు నెట్టాడు అని. అదే మాట అతని నోట రావాలి. ప్లీడరు అడిగాడు. శేషయ్య బోను కర్ర మీద తన చేతుల వంక చూసుకున్నాడు. గొంతు వణుకుతోంది.

"ఆనించానండి. డబ్బు నూనె అవుద్దని తిప్పి ఆనించా. అది ఎవరి డబ్బో నాకు తెలవదు. అడగలా."

ప్లీడరు తన కాగితాలు బల్ల మీద పడేశాడు. "అడగలేదేం?" అన్నారు జడ్జిగారు.

"మా బావ గదండీ" అన్నాడు శేషయ్య.

తీర్పు

మిల్లు బసవయ్యకు డబ్బు కట్టాలని తీర్పు వచ్చింది. భాగస్తులిద్దరూ బాధ్యులే. తెలిసి చేసింది రాఘవులైనా, చెయ్యి వేసి ఒప్పుకున్న భాగస్తుడు తెలియదని తప్పించుకోలేడన్నారు. బజానాకు ముందే కంపెనీ కాగితం నమ్మి షేరు కొన్న ఇంకొక రైతు ఆ తర్వాత దావా వేస్తే కొట్టేశారు. అతను పళ్ళెం చూసి కొనలేదు కాబట్టి మిల్లుకు సంబంధం లేదట. ఒకే మోసం, ఒకే కంపెనీ, ఒకడికి వచ్చింది, ఒకడికి రాలేదు. న్యాయం అక్కడ గీత గీసింది. ఎక్కడో ఒకచోట గీయాలనీ తెలుసు, ఆ గీత అవతల నిలబడ్డవాడి ముఖమూ నాకు గుర్తుంది. తీర్పు సరైనదేనా అని నన్ను అడిగితే, బసవయ్య విషయంలో సరైనదని చెబుతాను. శేషయ్య విషయంలో చట్టం ప్రకారం సరైనదని చెబుతాను.

రాఘవులు మీద పోలీసు కేసు నడిచింది. శేషయ్య మీద లేదు. తెలియనివాణ్ణి జైల్లో పెట్టరు, కానీ తెలియనివాడి చేను అమ్ముకోవచ్చు. ఈ తేడాను మీరు మీ వార్తల్లో ఎప్పుడూ కలిపేయకండి. చదివేవాళ్ళకు దొంగ ఎవరు, బాకీదారు ఎవరు అన్నది వేరువేరుగా తెలియాలి.

అమీను సైకిలు రాకముందే శేషయ్య చేను తనే అమ్మేశాడు. వచ్చిన డబ్బు పళ్ళెం చూసి కొన్న రైతులకు పంచాడు. ఇల్లు కూడా నిలవలేదు. బసవయ్య బావి తవ్వించాడు. రాయి పడింది, అయినా తవ్వించాడు.

కంపెనీ మోసాల గురించి రాసేటప్పుడు పారిపోయినవాడి చుట్టూనే తిరగకండి. వాడు దొరకడు. అతని అబద్ధానికి పందిరి వేసినవాళ్ళ దగ్గర ఆగండి. వాళ్ళలో తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే పళ్ళెం పట్టుకుని ఉంటారు. ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఎలా ఉందో చూడండి. చూసినంతే రాయండి. అది రాయడానికి భయం వేస్తుంది. వేయాలి కూడా.

మళ్ళీ ఒక పళ్ళెం

కొన్నేళ్ళ తర్వాత నందిగామలో ఒక పత్తిమిల్లు కొత్తగా పెట్టారు. పత్తి బేరానికి బజానా ఇస్తున్నారని పిలిస్తే వెళ్ళాను. పేట మిల్లు బజారులో ఆ పద్ధతి అప్పటికే పోయింది. అక్కడ బేరం కుదిరినా అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవారు. నందిగామలో ఇంకా మిగిలి ఉంది.

ఆ మిల్లులో ఇంజను చూసేది శేషయ్య అని నాకు తెలియదు. జీతానికి చేస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

భాగస్తుల్లో చిన్నవాడు పళ్ళెం ఎత్తి, సరదాగా వెనక్కి తిరిగి పిలిచాడు. "శేషయ్య బాబాయ్, పెద్దోడివి, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. శుభం."

శేషయ్య గుమ్మంలోకి వచ్చాడు. చేతులకు నూనె ఉంది. పళ్ళెం వంక చూశాడు, నోట్ల వంక చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"డబ్బెవరిది బాబూ?"

ఆ కుర్రవాడు నవ్వాడు. "మనదే బాబాయ్, ఇంకెవరిది?"

ఎవరూ నవ్వలేదు. బేరానికి వచ్చినవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. కుర్రవాడి చేతుల్లో పళ్ళెం కొంచెం కదిలింది.

"ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పండి" అన్నాడు శేషయ్య. గొంతు ఆ రోజు బోనులో వణికినట్టే వణుకుతోంది. అయినా కదల్లేదు. జవాబు వచ్చేదాకా గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడ్డాడు.

నేను జేబులోంచి కలం తీసి, ఆయన పక్కన వెళ్ళి నిలబడ్డాను.